నాయనా, పెట్టె పాడుతోంది

కొలంబస్, ఒహాయో

నాయనకు నమస్కారాలు.

ఇక్కడ మేమంతా బాగున్నాం. ఫోనులో చెబుదామంటే నీకు సగం వినపడదు, మిగతా సగం అమ్మ మధ్యలో అందుకుంటుంది. అందుకే పెద్ద అక్షరాలతో రాస్తున్నా. కళ్ళద్దాలు పెట్టుకుని నిదానంగా చదువుకో.

మన రికార్డు ప్లేయర్ పాడుతోంది. పోయిన ఎండాకాలం సజ్జ మీద నుంచి ఊరగాయ జాడీలు దించుతుంటే వెనకాల బయటపడిందే, అదే. పాత ఇనుముకు వేస్తే నూరు రూపాయలన్నా వస్తాయన్నావు నువ్వు. నేను సూట్‌కేసులో బట్టలు తీసేసి దాన్ని సర్దుకుంటుంటే "వీనికి పిచ్చి పట్టింది" అని అమ్మ పక్కింటామెతో కూడా చెప్పింది. 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రి కలిసి పాతబస్తీ మీద పడినప్పుడు మన ఇంట్లో మంచాలు, బియ్యం, బీరువా అన్నీ బురదపాలయ్యాయి కదా. ఇది సజ్జ మీద ఉండబట్టి బతికింది. కింద ట్రంకు పెట్టెలో ఉన్న రికార్డులకు మాత్రం నీళ్ళు తగిలాయి. వాటి సంగతి తర్వాత చెబుతా.

మూత తీయగానే కనబడింది నీ అయిదు పైసల బిళ్ళ. ముల్లు ఎగిరిపోకుండా బరువుకని దాన్ని పట్టుకునే కడ్డీ కొసన ప్లాస్టరు వేసి అంటించావు చూడు, ఆ చదరపు బిళ్ళ. ప్లాస్టరు పచ్చబడి గట్టిపడింది, అంచుల చుట్టూ నల్లగా దుమ్ము గీత. బిళ్ళ మాత్రం చెక్కు చెదరలేదు. అట్లా బరువు పెడితే రికార్డు మీది గీతలు అరిగిపోతాయని, కొత్త ముల్లుకు దాని అవసరం లేదని తీసేయాల్సి వచ్చింది. పారేయలేదులే, మూత లోపలి వైపు అంటించి పెట్టాను.

పాత రేడియోలు బాగుచేసే పెద్దాయన ఒకాయన ఇక్కడ దొరికాడు. శనివారం శనివారం తన గ్యారేజీలో కూర్చోబెట్టుకుని నా చేతే పని చేయించాడు. ఏళ్ళ తరబడి కదలక గ్రీజు మైనంలాగా గడ్డకట్టి ఇరుసును పట్టేసింది. స్పిరిటుతో అంతా కడిగి, కుట్టుమిషన్ నూనె చుక్క వేశాక రికార్డు పెట్టే పళ్ళెం చేత్తో తిప్పితే తిరిగింది. మోటారుకూ పళ్ళేనికీ మధ్య ఒక రబ్బరు చక్రం ఉంటుంది. మోటారు దాన్ని తిప్పితే అది పళ్ళేన్ని తిప్పుతుంది. అన్నేళ్ళూ ఒకే చోట ఆనుకుని దానికి సొట్ట పడింది. ఆ సొట్ట వచ్చినప్పుడల్లా టక్కుమని చప్పుడు. కొత్త రబ్బరు వేయించాం. ఎండిపోయిన కెపాసిటర్లు మారిస్తే గుయ్యిమనే రొద పోయింది. ముల్లు వెనకాల ఉండి దాని కదలికను కరెంటుగా మార్చే స్ఫటికం వేడికీ చెడుతుందట, తేమకూ చెడుతుందట. కర్నూల్లో మన సజ్జ మీద దానికి రెండూ దొరికాయి! అందుకని సెరామిక్ రకం పెట్టాం. ముల్లు మునుపటి మాదిరే తిప్పుకునేది, ఒక పక్క లాంగ్‌ప్లే రికార్డులకు, ఇంకో పక్క నిమిషానికి 78 చుట్లు తిరిగే పాత 78 ప్లేట్లకు.

అసలు తమాషా అంతా కరెంటుతో. మన దగ్గర 230 వోల్టులు, ఇక్కడ 120. దానికి ట్రాన్స్‌ఫార్మర్ ఉంది, బాధ లేదు. కానీ మన కరెంటు సెకనుకు 50 సార్లు అటూ ఇటూ కొట్టుకుంటే ఇక్కడిది 60 సార్లు. ట్రాన్స్‌ఫార్మర్ వోల్టులు మారుస్తుంది గానీ దీన్ని మార్చలేదు. ఈ మోటారేమో దాని ప్రకారమే తిరుగుతుంది. నిమిషానికి 33 చుట్లు, ఇంకో మూడోవంతు తిరగాల్సిన పళ్ళెం ఏకంగా 40 తిరిగింది. ఘంటసాల ఒకటో శ్రుతిలో పాడింది రెండున్నరకు ఎక్కి కూర్చుంది. నీ మనవరాలు పడీ పడీ నవ్వి, "తాత ఎప్పుడూ చెప్పే పెద్ద పాటగాడు ఈయనేనా?" అంది. మోటారు కొసనుండే ఇత్తడి బొడిపెను లేత్ మీద సన్నగా, ఆరింట అయిదు వంతులకు తీయిస్తే దారికొచ్చింది. పళ్ళెం అంచున కాగితం ముక్క అంటించి గడియారం పెట్టుకుని లెక్కపెట్టాం. మూడు నిమిషాలకు నూరు చుట్లు రావాలి. వచ్చాయి.

ఆఫీసులో ఒకడు లోపలి సామానంతా పీకేసి బ్లూటూత్ పెట్టుకోమన్నాడు. పైకి పాత పెట్టె, లోపల ఫోను పాటలు. ఆ మాత్రం దానికి ఇంత దూరం మోయడమెందుకు? పైన రెక్సిన్ చిరిగిన చోట కూడా కొత్తది వేయలేదు. దుకాణంలో కొన్నదాని మాదిరి ఉంటే నాకు నచ్చదు.

ఇక రికార్డులు. తెచ్చిన వాటిలో ఒక దానికి లేబుల్ పూర్తిగా ఊడిపోయింది, గీతల నిండా వరద బురద. మంచినీళ్ళలో కడిగి పెట్టాను. హార్మోనియం ముందు, ఆ తర్వాత ఎవరో నాటకం పద్యం ఎత్తుకున్నాడు. ఊపిరి తీసుకోకుండా సాగదీసిన రాగం విని ఈ పిల్లలు కూడా నోరు తెరిచారు. ఎవరిదో నాకు అంతుపట్టలేదు. నీకైతే మొదటి పాదానికే తెలిసిపోతుంది.

అక్క పెద్దోడు ఆగస్టులో చదువుకు వస్తున్నాడు కదా, మిగిలినవి వాడి చేత పంపు. సబ్బు నీళ్ళలో మెత్తని గుడ్డతో కడిగి నీడలో ఆరబెట్టు, లేబుల్ తడవనీయొద్దు. బరువుగా ఉండే 78 ప్లేట్లు లక్కతో చేసినవి, వాటికి స్పిరిటు అస్సలు తగలనీయొద్దు, కరిగిపోతాయి. ఒకదాని మీద ఒకటి పేర్చకుండా నిలబెట్టి, మధ్యమధ్యలో అట్టముక్కలు పెట్టి కట్టు. మిద్దె మీద ఎండలో పెడితే లాంగ్‌ప్లేలు వంకర పోతాయి, అమ్మ వడియాల పక్కన ఆరేస్తానంటే ఒప్పుకోవద్దు. లేబుల్ పోయిన వాటికి మధ్యలో నున్నటి చోట నంబరు అచ్చువేసి ఉంటుంది. టార్చి పక్క నుంచి వేస్తే కనబడుతుంది, కాగితం మీద రాసి పంపు. ఆ నంబరును బట్టి ఏ రికార్డో వెతకొచ్చు. వాడు వాటిని చేతి సంచిలోనే తేవాలి, లగేజీలో వేశాడంటే ఊరుకోను.

ఈ ఆదివారం మీకు సాయంత్రం ఆరింటికి చేస్తా. మాట్లాడడానికి కాదు, ఆ పద్యం వినిపించడానికి. అక్క కొనిచ్చిన ఇయర్‌ఫోన్లు పెట్టుకుని కూర్చో, అమ్మను కాసేపు టీవీ ఆపమని చెప్పు. బీపీ మాత్రలు అయిపోక ముందే తెప్పించుకో.

నీ చిన్నోడు