దొడ్డబెట్ట చూపించలేదు సరే, జవాబైనా చెప్పరా?

కస్టమర్ కేర్ మేనేజర్ గారికి,

విషయం: ఊటీ ప్యాకేజీలో దొడ్డబెట్ట శిఖరం ఎగ్గొట్టడం, అడిగితే ఊరంతా తిప్పడం.

అయ్యా / అమ్మా (మీ వైపు అసలు మనిషంటూ ఉన్నారో లేదో ఇంతవరకూ తేలలేదు కాబట్టి రెండూ రాస్తున్నాను),

బెంగళూరు నుంచి మీ బస్సులో మా నాన్నగారిని ఊటీ తీసుకెళ్లాను. మీరిచ్చిన కాగితంలో రెండో రోజు మధ్యాహ్నం దొడ్డబెట్ట టెలిస్కోప్ హౌస్ అని స్పష్టంగా ఉంది. నాన్నగారు రిటైరైన సోషల్ మాస్టారు. తూర్పు కనుమలు, పడమటి కనుమలు నీలగిరుల్లో కలుస్తాయని కనిగిరిలో ఎన్ని బ్యాచ్‌లకు పాఠం చెప్పారో ఆయనకే గుర్తులేదు. 2,637 మీటర్ల శిఖరమైనా పైదాకా రోడ్డుంది, మోకాళ్లకు ఇబ్బంది ఉండదని చెప్పి ఒప్పించాను. మీ బస్సు మాత్రం టీ ఫ్యాక్టరీ దగ్గర ఆగింది, చాక్లెట్ల కొట్టు దగ్గర ఇంకా ఎక్కువసేపు ఆగింది. దొడ్డబెట్ట సంగతి అడిగితే, "పైన అంతా పొగమంచు సార్, ఏం కనపడదు" అన్నాడు గైడు.

సరే. కొండ మీద పొగమంచు పడుతుంది, దానికి మిమ్మల్ని తిట్టను. కుదరలేదు, సారీ అని ఒక్క మెసేజ్ పెట్టి ఉంటే ఈ ఉత్తరమే ఉండేది కాదు.

మీ హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేసి తెలుగు కోసం నొక్కితే హిందీ వచ్చింది. ఆ అబ్బాయి పొగమంచు మాటే ఎత్తలేదు. "ఆ రోజు ఈ-పాస్ దొరకలేదు" అన్నాడు. మద్రాసు హైకోర్టు చెప్పాక 2024 మే నుంచి ఆ పాస్ కావాల్సింది నీలగిరి జిల్లాలోకి రావడానికి. అది లేకుండానే మీ బస్సు ఊటీ దాకా వచ్చి, టీ ఫ్యాక్టరీకి కూడా వెళ్లిందా? ఈ మాట అడగ్గానే లైన్ హోల్డ్‌లోకి వెళ్లింది. కాసేపు పాట వినిపించి కట్ అయింది.

ఇంకోసారి ఒక అమ్మాయి ఎత్తింది. దారిలో బండీపూర్ అడవిలో రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా బండ్లు వదలరు కదా, అందుకే డ్రైవర్ తొందరపడ్డాడు అంది. అమ్మా, ఆ రాత్రి మేం మీ హోటల్లోనే పడుకున్నాం, బండీపూర్ దాటింది మర్నాడు. "నోట్ చేసుకున్నాను సార్" అంది. ఏం నోట్ చేసుకుందో గానీ, సాయంత్రానికి "మీ సమస్య పరిష్కరించబడింది, మాకు 5 స్టార్లు ఇవ్వండి" అని మెసేజ్ వచ్చింది.

ఆ మెసేజ్ చూశాకే నాకు అసలు కోపం మొదలైంది.

మడివాళ ఆఫీసుకు వెళ్తే, ఇక్కడ టికెట్లు మాత్రమే, ప్యాకేజీలు మెజెస్టిక్‌లో అన్నారు, అదీ ఫోన్లోంచి తల ఎత్తకుండా. ఆ ట్రాఫిక్‌లో మెజెస్టిక్ వెళ్తే, ఆన్‌లైన్ బుకింగ్ కాబట్టి ఆన్‌లైన్‌లోనే చెప్పుకోవాలన్నారు. అక్కడొక కుర్రాడు నా తెలుగు విని, "మాదీ చిత్తూరే అన్నా, మీ పని అయిపోయిందనుకోండి" అని నంబర్ ఇచ్చాడు. నిజంగానే నా పని అయిపోయింది. రెండో కాల్‌కే నన్ను బ్లాక్ చేశాడు. ఆన్‌లైన్‌లో మీ చాట్‌బాట్‌కి దొడ్డబెట్ట అని టైప్ చేస్తే, "ఊటీ వెళ్లాలనుకుంటున్నారా? ఆఫర్లు చూడండి" అంది. పాపం, మీ వాళ్లందరిలో అబద్ధం చెప్పనిది అదొక్కటే.

చివరికి ఈమెయిల్‌కి జవాబొచ్చింది. దొడ్డబెట్ట వద్దని ప్రయాణికులే అన్నట్టు మీ రికార్డులో ఉందట! కొండ ఒకటే, మధ్యాహ్నం ఒకటే, కారణాలు మాత్రం మనిషికొకటి. ఆ మెయిల్ నాన్నగారికి చదివి వినిపించాను. "నేనెప్పుడు వద్దన్నాన్రా?" అని నన్నే అడిగారు. దానికి మీరేం చెప్తారో మీరే చెప్పండి.

మేమేమీ కొత్తవాళ్లం కాదు. ప్రతి సంక్రాంతికి ఒంగోలుకి మీ బస్సే ఎక్కాం, పండగ పేరుతో రేటు పెంచినా నోరెత్తలేదు. చెల్లి పెళ్లికి బస్సు మొత్తం మీ దగ్గరే మాట్లాడాం. మారతహళ్లిలో మా ఆఫీసువాళ్లకి మీ పేరు చెప్పింది నేనే. దానికి ప్రతిఫలంగా 200 రూపాయల కూపన్ పంపారు, స్లీపర్‌కి మాత్రమే, శని, ఆదివారాలు చెల్లదు. అది మీ ఎండీ గారికి ఇవ్వండి.

చూపించని చోటికి తీసుకున్న డబ్బు ఇవ్వాల్సిందే, దాని లెక్క తర్వాత తేల్చుకుందాం. ముందు పేరు చెప్పుకోగల మనిషి ఎవరైనా నాన్నగారికి ఫోన్ చేసి, మీరు చెప్పిన కారణాల్లో ఏది నిజమో చెప్పాలి. ఈ వారం కూడా ఫోన్ రాకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు వెళ్తుంది. తర్వాత వినియోగదారుల కమిషన్. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం నేనుంటున్న బెంగళూరులోనే కేసు వేయొచ్చు, కట్టిన డబ్బు 5 లక్షల లోపు అయితే ఫీజు కూడా లేదు. వాయిదాలకు సెలవు దొరకదని నా గురించి ఆశ పెట్టుకోకండి. నాన్నగారు వెళ్తారు. ఆయనకి బోలెడు తీరిక.

ఇట్లు,
ఇప్పటివరకూ మీ కస్టమర్,
మహదేవపుర, బెంగళూరు