కోసి తీసిన ప్రతి గడ్డా పరీక్షకు వెళ్లాలి

సంపాదకులకు నమస్కారం.

తొడలోనో భుజం మీదో గడ్డ లేస్తే “కొవ్వు గడ్డే, భయం లేదు” అని చెప్పి, మత్తు సూది వేసి, కోసి తీసి, కుట్లు వేసి అదే పూట ఇంటికి పంపడం మన ఊళ్లలో మామూలైపోయింది. చాలాసార్లు ఆ మాట నిజమే, ఒంటి మీద లేచే గడ్డల్లో ఎక్కువ భాగం ప్రమాదం లేనివే. కానీ కోసిన ముక్కను పరీక్షకు పంపకుండా పారేయడాన్ని మాత్రం ఏ విధంగానూ సమర్థించలేం. పాథాలజీ బోధిస్తూ, స్లైడ్లు చూస్తూ ఉద్యోగ జీవితమంతా గడిపినదాన్ని కాబట్టి ఈ సంగతి రాయడం నా బాధ్యత అనుకుంటున్నాను.

కొవ్వు, కండరం, రక్తనాళం, నరాల తొడుగు వంటి మెత్తని కణజాలాల్లో వచ్చే క్యాన్సర్లను సార్కోమాలంటారు. పెద్దవాళ్ల క్యాన్సర్లలో ఇవి నూటికి ఒకటికి మించవు, అయినా వీటిలో డెబ్భైకి పైగా రకాలున్నాయి. చేత్తో తడిమితే అన్నీ గడ్డలే. మైక్రోస్కోపు కింద కూడా చాలావాటిలో రెండు కొసలా సన్నబడిన కదురు కణాలే బారులు తీరి కనిపిస్తాయి. వాటి మధ్య తేడాలు ఓపికగా వెతికితే తప్ప దొరకవు. నునుపు కండరం తరహా కణమైతే కేంద్రకం కొసలు మొద్దుబారి చుట్టలా ఉంటుంది; కొవ్వు తరహా కణాల్లో కొవ్వు బిందువులు కేంద్రకాన్ని పక్కకు నెట్టి దాని అంచును నొక్కులు పడేలా చేస్తాయి; పిల్లల్లో ఎక్కువగా వచ్చే రాబ్డోమయోసార్కోమాలో కొన్ని కణాల్లో కండరపు అడ్డచారలు కనిపిస్తాయి. ఇవేవీ స్పష్టంగా లేనప్పుడు, కణాల్లోని ప్రొటీన్లకు రంగు పట్టించి చూపే ఇమ్యునోహిస్టోకెమిస్ట్రీతో డెస్మిన్, మయోజెనిన్ వంటి కండర ప్రొటీన్లను వెతకాలి, అప్పటికీ తేలకపోతే జన్యు పరీక్షకు వెళ్లాలి. పోలిక ఒక్కదాన్నే నమ్ముకుంటే మోసపోతాం. సైనోవియల్ సార్కోమా కీళ్ల దగ్గర ఎక్కువగా వచ్చినా కీలు పొర నుంచి పుట్టదు. ఎక్స్ క్రోమోజోమూ 18వ క్రోమోజోమూ ముక్కలు మార్చుకోగా ఏర్పడిన కలగలుపు జన్యువే దాని అసలు గుర్తు.

ఇదంతా నిపుణుల పాండిత్యానికి సంబంధించిన గొడవ అనుకునేవారు జిస్ట్ అనే కణితి సంగతి గమనించాలి. జీర్ణాశయం, పేగుల గోడల్లో వచ్చే ఈ కణితిని దశాబ్దాలపాటు నునుపు కండరపు గడ్డగానే లెక్కగట్టారు. కీమోథెరపీ దానిపై దాదాపుగా పనిచేసేది కాదు. 1998లో జపాన్‌కు చెందిన హిరోటా బృందం ఆ కణితుల్లో కిట్ జన్యువు మార్పు చెందిందనీ, అవి పేగుల కదలికను నడిపే కాహాల్ కణాలకు దగ్గరివనీ చూపింది. కిట్ ప్రొటీన్‌ను అడ్డుకునే ఇమాటినిబ్ మాత్రను 2002లో అమెరికా ఈ కణితికి అనుమతించింది. అంతకుముందు నెలల్లో లెక్కపెట్టిన ఆయుష్షు చాలామందికి సంవత్సరాల్లోకి మారింది. ఆ మందును హైదరాబాదుకు చెందిన నాట్కో కంపెనీ జెనరిక్‌గా తయారుచేసింది. మన హైదరాబాదు కంపెనీయే చేసిన మందు అయినా, “కదురు కణాల కణితి” అని ఒక్క ముక్కతో ముగిసిన రిపోర్టు చేతిలో ఉన్న రోగికి దాన్ని ఎవరు రాస్తారు?

పొరపాట్లు మన దగ్గరే జరుగుతాయని కాదు. ఫ్రాన్స్, ఇటలీలలోని మూడు ప్రాంతాల్లో సార్కోమా రిపోర్టులను నిపుణులతో మళ్లీ చూపించినప్పుడు, మొదటి నిర్ధారణతో పూర్తిగా సరిపోయినవి నూటికి 56 మాత్రమేనని 2012లో ప్రచురితమైన అధ్యయనం తెలిపింది. అందుకే రెండో అభిప్రాయం తీసుకోవడాన్ని మొదటి డాక్టరు మీద అపనమ్మకంగా చూడకూడదు.

కింది స్థాయిలో జరిగే నష్టం ఇంకా బాధ కలిగిస్తుంది. గడ్డను, కణాలు పాడవకుండా కాపాడే ఫార్మలిన్ ద్రవానికి బదులు సెలైన్‌లో వేసి, ఇరుకు మూతి సీసాలో కుక్కి, “గడ్డ” అన్న మాట తప్ప శరీరంలో ఎక్కడిదో, ఎంత లోతులో ఉందో రాయకుండా పంపిన నమూనాలు నేను ఎన్నో చూశాను. అలాంటి ముక్క ల్యాబుకు చేరేసరికి కణాలు చివికిపోయి ఉంటాయి, ఆ తర్వాత ఎంత ఖరీదైన పరీక్ష చేసినా లాభం ఉండదు. ముక్కకు పదింతల ఫార్మలిన్, వెడల్పు మూతి డబ్బా, నాలుగు వాక్యాల వివరం ఉంటే చాలు. ఇవి ఏ చిన్న ఆసుపత్రికీ భారం కావు.

ఐదు సెంటీమీటర్లు దాటిన గడ్డను, కండరం లోతున ఉన్నదాన్ని, త్వరత్వరగా పెరుగుతున్నదాన్ని ఎంఆర్ఐ, కోర్ నీడిల్ బయాప్సీ (లావు సూదితో చిన్న ముక్క తీసి చూసే పరీక్ష) అయ్యాకే కోయాలి. ముందే కోసేస్తే క్యాన్సర్ కణాలు మిగిలిపోయి, రెండోసారి అంతకంటే పెద్ద ఆపరేషన్ తప్పకపోవచ్చు. తీసిన ప్రతి కణజాలాన్నీ హిస్టోపాథాలజీకి, అంటే మైక్రోస్కోపు పరీక్షకు పంపాలన్న నియమాన్ని రెండు రాష్ట్రాల వైద్యశాఖలు కచ్చితంగా అమలు చేయాలి. సార్కోమా అనుమానం ఉన్న బ్లాకులను (గడ్డ ముక్కను మైనంలో పొదిగి చేసినవి) హైదరాబాదు ఎంఎన్‌జే, విశాఖ హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి వంటి చోట్లకు పంపి మళ్లీ చూపించే ఏర్పాటు చేసి, ఆ ఖర్చును తెలంగాణలో ఆరోగ్యశ్రీ, ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్యసేవ విడిగా భరించాలి.

రోగుల కుటుంబాలకు ఒక విన్నపం. రిపోర్టు కాగితంతో పాటు స్లైడ్లనూ, మైనపు బ్లాకునూ అడిగి తీసుకోండి. అగ్గిపెట్టెకన్నా చిన్నదైన ఆ బ్లాకు ఎండ తగలకుండా దాస్తే ఏళ్ల తరబడి పాడవదు. దాని నుంచి ఏ ఊళ్లోనైనా కొత్త పొరలు కోసి పరీక్ష చేయవచ్చు. అడిగినవారికి వాటిని ఆలస్యం లేకుండా ఇవ్వాలని ఆసుపత్రుల, ల్యాబుల యాజమాన్యాలను కోరుతున్నాను.

— విశ్రాంత పాథాలజీ అధ్యాపకురాలు, గుంటూరు