నెట్ ఆగితే ముందు స్విచ్ చూడండి

సంపాదకులకు,

ద్వారకానగర్ కోచింగ్ సెంటర్లలోనైనా, మధురవాడ అపార్ట్‌మెంట్లలోనైనా నెట్ ఆగగానే కనెక్షన్ ఇచ్చిన కంపెనీ మీద విరుచుకుపడటం మామూలైంది. చాలాసార్లు లోపం మెట్ల కింద పెట్టెలో ఉన్న స్విచ్ (నెట్ కేబుళ్లన్నిటినీ కలిపే పరికరం) దగ్గరే ఉంటుంది.

వచ్చిన ప్రతి ఫ్రేమ్‌లో (డేటా ముక్కలో) పంపిన పరికరం మ్యాక్ అడ్రస్ (ఆ పరికరం గుర్తింపు సంఖ్య) చూసి, అది ఏ పోర్టు (కేబుల్ గుచ్చే చోటు) నుంచి వచ్చిందో స్విచ్ పట్టికలో రాసుకుంటుంది. ఆ అడ్రస్‌కు వెళ్లాల్సిన డేటాను ఆ పోర్టుకే పంపుతుంది. అడ్రస్ తెలియకపోతే, వచ్చిన పోర్టు మినహా అన్నిటికీ పంపుతుంది. చాలా స్విచ్‌లలో 300 సెకన్లు అలికిడి లేకపోతే ఆ అడ్రస్‌ను పట్టికలోంచి తీసేస్తుంది.

అసలు చిక్కు లూప్‌తోనే, అంటే పంపిన డేటా తిరిగి అదే స్విచ్‌కు వచ్చే దారితోనే. ఒక కొస స్విచ్‌లోనే ఉన్న కేబుల్ వేలాడుతుంటే, దాని రెండో కొసను ఎవరో పాపం మంచికే అనుకుని అదే స్విచ్‌లో గుచ్చుతారు. ఈథర్‌నెట్ (ఈ కేబుల్ నెట్‌వర్క్ పద్ధతి) ఫ్రేమ్‌కు ఆయుష్షు లెక్క లేదు కాబట్టి బ్రాడ్‌కాస్ట్ ఫ్రేములు (అన్ని పరికరాలకూ పంపేవి) ఆగకుండా తిరుగుతూ పెరిగిపోతాయి. లైట్లన్నీ ఒకేసారి టపటపా కొట్టుకుంటాయి, నెట్ పడిపోతుంది. కేబుళ్లు ఒక్కొక్కటే తీయండి. ఏది తీస్తే లైట్లు నెమ్మదిస్తాయో లూప్ అందులోనే ఉంది. స్పానింగ్ ట్రీ (లూప్‌ను పసిగట్టే ఏర్పాటు) ఆన్‌లో ఉన్న స్విచ్ అయితే ఆ దారిని తానే మూసేస్తుంది. చవక రకాల్లో ఈ సౌకర్యం సాధారణంగా ఉండదు. అపార్ట్‌మెంట్ సంఘాలు కొటేషన్‌లో పోర్టుల సంఖ్యతో పాటు దీన్నీ రాయించుకోవాలి.

బీచ్ రోడ్డు వైపు ఉప్పుగాలికి ప్లగ్గు పిన్నులు చిలుమెక్కుతాయి. గిగాబిట్ (1,000 ఎంబీపీఎస్) వేగానికి కేబుల్‌లోని నాలుగు జతల తీగలూ కావాలి. ఒక జత తెగితే లింకు 100 ఎంబీపీఎస్‌కు దిగిపోవచ్చు. ప్లగ్గు కోసేసి కొత్తది క్రింప్ చేయించండి (నొక్కి బిగించేలా చేయించండి).

– ఒక నెట్‌వర్క్ టెక్నీషియన్, విశాఖపట్నం