పాంటూన్ పడవ కొనేముందు ఏ నీళ్లకో తేల్చుకోండి

సంపాదకులకు,

అయ్యా,

తాటిపూడి, రైవాడ, కోణాం, తాండవ జలాశయాల గట్ల మీద గాలాలు వేసేవాళ్లలో కొందరు ఇప్పుడు ఒడ్డు వదిలి నీళ్లలోకి దిగుతున్నారు. గాలి నింపే రెండు పొడుగాటి గొట్టాలు, వాటిని కలిపే లోహపు చట్రం, దానిమీద కుర్చీ, రెండు తెడ్లు. ఒక్క మనిషి కోసం చేసే పాంటూన్ పడవ ఇంతే. రెండు దోనెలు జోడించి కట్టే సంగడికి గాలి నింపిన తమ్ముడు అనుకోవచ్చు. కొనేవాళ్లు చాలామంది ఆన్‌లైన్‌లో ఫొటో చూసి, ధర చూసి, పక్కన రాసిన ‘ఇంత బరువు మోస్తుంది’ అన్న అంకె చూసి ఆర్డరిచ్చేస్తున్నారు. జలాశయంలో హాయిగా తేలే పడవ సీలేరు నది ప్రవాహంలో మనిషిని ముంచగలదు. ఆ తేడా ఈ మూడింటిలో దేంట్లోనూ కనబడదు. అందుకే ఈ లేఖ.

ముందు బరువు సంగతి. గొట్టం ఒక లీటరు నీటిని పక్కకు తోస్తే ఒక కిలో మోస్తుంది. 8 అడుగుల పొడవు, 12 అంగుళాల వ్యాసం ఉన్న గొట్టాలు రెండు కలిపితే లెక్కకు సుమారు 356 లీటర్లు. కొసలు సన్నబడతాయి కాబట్టి అయిదో వంతు తీసేయండి, 285 మిగులుతుంది. గొట్టాలు పూర్తిగా మునిగిపోతే తప్ప అంత బరువు మోయవు, అలా మునిగిన పడవ మీద ఎవరూ కూర్చోలేరు. సగానికి మించి మునగకూడదన్నది పాటించాల్సిన హద్దు. అంటే వాడుకోదగ్గది 142 కిలోలే. ఇప్పుడు ఎక్కించేవి చూడండి. మనిషి 75, పడవ తన బరువు 28, చిన్న మోటారు 8, బ్యాటరీ 15, లంగరూ తాడూ 4, గాలాల పెట్టె, మంచినీళ్లు, అన్నం డబ్బా, లైఫ్ జాకెట్ కలిపి 10. మొత్తం 140. చేప పడకముందే హద్దు దగ్గరికొచ్చేశాం! అదే పొడవులో 14 అంగుళాల గొట్టాలైతే వాడుకోదగ్గ బరువు 190 కిలోలు దాటుతుంది. రెండు అంగుళాలకే 50 కిలోల తేడా. అందుకని పొడవు కన్నా ముందు వ్యాసం అడగండి. అమ్మేవాళ్లు వ్యాసం చెప్పలేకపోతే ఆ పడవ జోలికి వెళ్లొద్దు. 85 కిలోలు దాటిన మనిషికి 12 అంగుళాల గొట్టాలు ఎంత చవగ్గా వచ్చినా వద్దు.

గొట్టం లోపల ఏముందన్నది తర్వాతి ప్రశ్న. చాలా పడవల్లో బయట పీవీసీ పూసిన పాలిస్టర్ గుడ్డ తొడుగు, లోపల పల్చటి బ్లాడర్ (గాలి పట్టే సంచి) ఉంటాయి. బ్లాడర్ చిల్లు పడితే జిప్పు తీసి మార్చుకోవచ్చు, అది సుఖమే. కానీ జిప్పులోంచి ఇసుక దూరి లోపల ఒరుసుకుంటుంది, నెమ్మదిగా అదే చిల్లు పెడుతుంది. బ్లాడర్ లేని గొట్టాలకు గుడ్డే గాలి పట్టి ఉంచుతుంది. వాటికి ఖరీదెక్కువ, రాపిడికి తట్టుకోవడమూ ఎక్కువ. ఏ రకమైనా ఒక్కో గొట్టంలో అడ్డుగోడతో రెండు గదులుండాలి. ఒకే గది ఉన్న గొట్టం చిరిగితే పడవ ఆ పక్కకు ఒరిగి మనిషిని పడేస్తుంది. రెండు గదులుంటే సగం గాలితోనైనా ఒడ్డు చేరొచ్చు. మన జలాశయాల అంచుల్లో తుమ్మ చెట్లు, మునిగిన మోళ్లు, వలలు కట్టే వెదురు గుంజలు ఉంటాయి. తుమ్మముల్లు పల్చటి గుడ్డలో ఇట్టే దిగబడుతుంది. అడుగున రెండో పొర అతికించిన గొట్టాలే ఇక్కడ నిలుస్తాయి.

చట్రం విషయంలో విశాఖ వాళ్లకు ఒక అదనపు బెడద ఉంది. పౌడర్ కోటింగ్ ఇనుప పైపు పైకి నల్లగా నిగనిగలాడుతుంది. జలాశయం నీళ్లు ఉప్పుకాకపోయినా పడవ ఇంట్లో ఉన్నన్నాళ్లూ సముద్రపు గాలి తగులుతూనే ఉంటుంది. తుప్పు పైపు లోపలి నుంచి, బోల్టు కోసం వేసిన రంధ్రాల దగ్గర మొదలవుతుంది. బయటకు కనబడేసరికి పైపు పల్చబడి ఉంటుంది. తెడ్డును పట్టి ఉంచే కొక్కెం దిగే చోటే ఎక్కువ బలం పడుతుంది కాబట్టి విరిగేదీ అక్కడే. అల్యూమినియం చట్రం, స్టెయిన్‌లెస్ బోల్టులు మేలు. ఆ రెండు లోహాలూ కలిసే చోట నైలాన్ వాషరు వేయాలి, లేకపోతే ఉప్పుగాలికి అల్యూమినియం తెల్లగా పొడై రాలిపోతుంది. ఇనుప చట్రమే కొనాల్సి వస్తే విడదీసి, పైపు కొసలు కిందికి ఉండేలా నిలబెట్టి ఆరబెట్టండి.

తెడ్ల పొడవు చాలామంది పట్టించుకోరు. రెండు తెడ్డు కొక్కేల మధ్య దూరంలో సగం తెడ్డు లోపలివైపు ఉండాలి, అది మొత్తం పొడవులో మూడో వంతు కావాలి. కొక్కేల మధ్య 4 అడుగులుంటే లోపల 2, బయట 4, మొత్తం 6 అడుగుల తెడ్డు. పడవతోపాటు వచ్చే తెడ్లు తరచూ దీనికన్నా పొట్టివి. అవి చెరువులో ఫరవాలేదు, ఏట్లో మాత్రం చేతులు పీకిపోతాయి, పడవ మాట వినదు.

జలాశయంలో పడవకు అసలు శత్రువు గాలి. గొట్టాల మీద తేలే పడవ నీటిలోకి పెద్దగా దిగదు, కూర్చున్న మనిషే తెరచాపలా పనిచేస్తాడు. మధ్యాహ్నం గాలి లేచాక, అది వీచే వైపు ఒడ్డు నుంచి బయలుదేరినవాళ్లు సులువుగా తిరిగొస్తారు, ఎదుటి ఒడ్డు నుంచి బయలుదేరినవాళ్లు తెడ్లు వేసి వేసి అలసిపోతారు. కాబట్టి ఉదయం పోయేటప్పుడే గాలికి ఎదురెళ్లి, వచ్చేటప్పుడు దానితో రావాలి. జలాశయానికి మాత్రమే కొంటుంటే గొట్టాల అడుగు ఎక్కువ భాగం తిన్నగా ఉన్నది చూడండి, నేరుగా పోతుంది. కాళ్లకు ఫిన్స్ (ఈతకు వాడే రబ్బరు రెక్కలు) తొడుక్కుని తన్నుకుంటూ పోతే చేతులు గాలానికి ఖాళీగా ఉంటాయి. కొర్రమీను కోసం నాచు పక్కన నెమ్మదిగా కదలడానికి ఇంతకన్నా మంచి పద్ధతి లేదు, మోటారు చప్పుడుకే అది జారుకుంటుంది.

మోటారు కావాలంటే ఈ లెక్క కూడా చూసుకోండి. 30 పౌండ్ల తోపు ఉన్న ట్రోలింగ్ మోటారు (బ్యాటరీతో నడిచే చిన్న పడవ మోటారు) పూర్తి వేగంలో 30 ఆంపియర్ల దాకా లాగుతుంది. 12 వోల్టుల 50 ఆంపియర్ అవర్ లెడ్ యాసిడ్ బ్యాటరీని సగానికి మించి ఖాళీ చేస్తే పాడవుతుంది. అంటే పూర్తి వేగంలో ముప్పావు గంటే. సగం వేగంలో చాలాసేపు వస్తుంది. కారు బ్యాటరీ ఇలాంటి వాడకానికి చేసింది కాదు, కొద్ది నెలల్లో చచ్చిపోతుంది. ఇంట్లో ఇన్వర్టరు ట్యూబులర్ బ్యాటరీ పెట్టేద్దామనుకునేవాళ్లూ ఉన్నారు. 150 ఆంపియర్ అవర్ ట్యూబులర్ సుమారు 50 కిలోలు తూగుతుంది, పైన వేసిన లెక్కతో అది ఎక్కడ పెడతారో ఆలోచించుకోవచ్చు. మోటారు వెనకుంటే బ్యాటరీని కుర్చీకి ముందుకు జరపాలి, లేకపోతే ముందు కొసలు పైకి లేచి గాలికి తిరిగిపోతాయి. ఇన్‌లాండ్ వెసల్స్ చట్టం 2021 మోటారు పడవలకు రిజిస్ట్రేషన్, సర్వే అడుగుతుంది. చిన్నదే కదా అని బిగించేసే ముందు కనుక్కోవడం మంచిది. నగరానికి తాగునీరు ఇచ్చే మేఘాద్రిగెడ్డ, తాటిపూడి, రైవాడల్లో పెట్రోలు ఇంజిను ఊసే ఎత్తకూడదని మా అభిప్రాయం.

ఏటికి వేరే పడవ కావాలి. 9 అడుగులకు తగ్గకుండా, కొసలు రెండూ పైకి వంగినవి, కాళ్లకు గట్టి ఆనిక ఉన్నవి చూడండి. ఫిన్స్ తొడిగి ప్రవాహంలో కాళ్లు వేలాడేస్తే రాళ్ల మధ్య ఇరుక్కుంటాయి. ఏట్లో దిగువకు మొహం పెట్టి కూర్చోవాలి. ముందున్న రాయి కనబడుతుంటుంది, తెడ్లు తనవైపు లాగితే పడవ దానికి దూరం జరుగుతుంది. పక్కకు పోవాలంటే పడవ వెనకభాగాన్ని వెళ్లాల్సిన ఒడ్డువైపు 45 డిగ్రీలు తిప్పి లాగాలి, ప్రవాహమే పక్కకు తోస్తుంది. కొత్తవాళ్లు పడవ మూతిని ఒడ్డువైపు తిప్పి తెడ్లను ముందుకు నెట్టుకుంటూ పోతారు, వేగం పెరిగి నేరుగా రాయికే కొట్టుకుంటారు. రాయికి పడవ అడ్డంగా ఆనుకుపోతే ఒళ్లు రాయివైపు వాల్చాలి. భయంతో వెనక్కి వాలితే ఎగువవైపు గొట్టం మీదికి నీళ్లెక్కి తిరగబడుతుంది.

లంగరు గురించి గట్టిగా చెప్పాలి. జలాశయంలో లోతుకు మూడు రెట్లు తాడు చాలు, గాలి ఉంటే అయిదు రెట్లు వదలాలి. ఏట్లో మాత్రం లంగరు పడవకు పక్కన ఎప్పుడూ కట్టకూడదు. ప్రవాహం పక్క గొట్టాన్ని కిందికి లాగి క్షణాల్లో బోర్లా వేస్తుంది. కొసన కట్టినా ఒక్క చేత్తో లాగితే విడిపోయే ముడి ఉండాలి, అందేలా కత్తి ఉండాలి. సీలేరులో విద్యుత్ కేంద్రాల కింద ఇది మరీ ముఖ్యం. కరెంటు డిమాండును బట్టి నీళ్లు వదులుతారు, మట్టం పెరిగితే లంగరు పట్టు వదలదు, పడవ పైకి లేవలేదు. ఆనకట్ట కింద నీరు పడి వెనక్కి తిరిగే చోటికి, మిగులు నీళ్లు వదిలే స్పిల్‌వే గేట్ల దరిదాపులకు ఏ పడవా పోకూడదు. జూలై నుంచి సెప్టెంబరు దాకా గోదావరి మాట మరిచిపోండి. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర వరదలో మునిగింది పెద్ద ఇంజిన్ల పడవ.

గాలి నింపడంలోనే సగం పడవలు పాడవుతాయి. ఈ గొట్టాలకు సాధారణంగా 2 నుంచి 3 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) పీడనం చాలు, అసలు అంకె వాల్వు దగ్గర రాసి ఉంటుంది. టైరు షాపు కంప్రెసరు పెట్టిస్తే అతుకులు విడిపోతాయి. టైరు గేజికి 3 పీఎస్ఐ కనబడదు కూడా, తక్కువ పీడనం కొలిచే గేజి వేరే కొనాలి. ఉదయం 27 డిగ్రీల్లో 3 నింపి పడవను గట్టు మీద వదిలేస్తే, ఎండకు లోపలి గాలి 50 డిగ్రీలకు చేరేసరికి 4.3 దాటుతుంది. ఒడ్డుకు లాగగానే కాస్త గాలి తీసేయండి. దీనికి తిరగేసి, మధ్యాహ్నం 40 డిగ్రీల్లో నింపింది నీళ్లలో 25కి చల్లబడితే 2.1కి దిగుతుంది. లీకైందని కంగారుపడతారు. నీళ్లలో పావుగంట ఉంచి మళ్లీ కొట్టుకుంటే సరి.

చిల్లు పడితే సైకిలు ట్యూబు సొల్యూషన్ పీవీసీకి పట్టదు. రెండు భాగాలు కలిపే పీవీసీ జిగురే వాడాలి. అతుకు ముక్క చిల్లుకు చుట్టూ 2 అంగుళాలు ఎక్కువ ఉండాలి, మూలలు గుండ్రంగా కత్తిరించాలి. గుడ్డను సన్న ఎమెరీ కాగితంతో తేలిగ్గా రుద్ది, ఎసిటోన్‌తో తుడిచి, రెండు వైపులా పల్చగా రెండు పూతలు వేసి, వేలికి అంటీ అంటనట్టు ఆరాక అదిమి 24 గంటలు వదిలేయాలి. మన ఊళ్లో అతుకులు ఊడిపోవడానికి కారణం చాలాసార్లు గాలిలో తేమ. డాబా మీద కాకుండా ఏసీ గదిలో చేస్తే నిలుస్తుంది. దోమల క్రీముల్లో ఉండే డీట్ వినైల్‌ను తినేస్తుంది, పూసుకున్న చేతులు కడిగాకే గొట్టాలు ముట్టుకోండి.

లైఫ్ జాకెట్ 100 న్యూటన్ల తేల్చే బలం ఉన్నది, కాళ్ల మధ్య నుంచి పట్టీ ఉన్నది కొనండి. పట్టీ లేనిది నీళ్లలో పడగానే గడ్డం దాటి పైకి లేస్తుంది. కుర్చీకి తగిలించి ఉంచితే లేనట్టే.

చివరగా అధికారులకు ఒక మనవి. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయాక రైవాడ, కోణాం, తాండవ అనకాపల్లి జిల్లాలోకి వెళ్లాయి. తాటిపూడి అంతకుముందు నుంచీ విజయనగరం జిల్లాలోనే ఉంది. సొంత పడవ దించడానికి ఎవరిని అడగాలో విశాఖ నుంచి వెళ్లేవాళ్లకు తెలియదు. జలవనరుల శాఖనా, మత్స్యశాఖనా, అక్కడి మత్స్యకార సహకార సంఘాన్నా? వలలు వేసుకుని బతికే సంఘాల వాళ్లతో అనవసర తగాదాలూ దీనివల్లే వస్తున్నాయి. ప్రతి జలాశయం రేవులో ఒక బోర్డు పెట్టి, అనుమతి ఇచ్చే కార్యాలయం పేరు, పడవలు పోకూడని హద్దు, గేట్లు ఎత్తేముందు మోగే సైరన్ వివరం తెలుగులో రాయించాలని కోరుతున్నాం.

ఇట్లు,
గాలం వేట తెలిసిన కొందరు పాఠకులు,
విశాఖపట్నం