పాత నాణేలకు వెల కట్టే పద్ధతి మారుస్తున్నాం

కోఠిలోని మా షాపుకు వచ్చేవాళ్లకు, రాలేక వాట్సాప్‌లో ఫొటోలు పంపేవాళ్లకు నమస్కారం.

వెండి ధర ఎక్కడం మొదలైనప్పటి నుంచి మా దగ్గరికి వచ్చే జనం మారిపోయారు. ఇదివరకు ఎక్కువగా సేకరణ చేసేవాళ్లే వచ్చేవారు. ఫలానా ఏడాది, ఫలానా ముద్రణాలయం అని చిట్టా పట్టుకుని అడిగేవారు. ఇప్పుడు అమ్మమ్మ బీరువాలో దొరికిన డబ్బాతో వచ్చేవాళ్లు ఎక్కువ. డబ్బా మూత తీస్తూనే "ఇవి ఎంత పలుకుతాయండీ?" అంటారు. అడగడంలో తప్పేమీ లేదు. కానీ ఆ ప్రశ్న ఎవరిని అడుగుతున్నారో ఒకసారి చూడండి. వెల చెప్పేదీ నేనే, ఆ తర్వాత కొనేదీ నేనే. నేను ఎంత నిజాయితీగా చెప్పినా, మెట్లు దిగి వెళ్లేటప్పుడు మీకు ఒక అనుమానం ఉండనే ఉంటుంది. ఉండాలి కూడా.

అందుకే వచ్చే నెల మొదటి తారీఖు నుంచి నోటిమాటగా ధర చెప్పడం ఆపేస్తున్నాం. మీ నాణేన్ని తూచి, కొలిచి, చీటీ మీద మూడు అంకెలు రాసిస్తాం. మొదటిది ఆ రోజు రేటు ప్రకారం అందులో ఉన్న లోహం విలువ. రెండోది మేం కొనే ధర. మూడోది అదే నాణేన్ని మేం మా గాజు బల్లలో పెట్టి అమ్మే ధర. చీటీ మీ దగ్గరే ఉంటుంది. దాన్ని పట్టుకుని పక్క షాపుకు వెళ్లినా మాకేం అభ్యంతరం లేదు. అయిదు నాణేల దాకా ఉచితం, ఆపైన నాణేనికి 50 రూపాయలు. మాకే అమ్మితే ఆ డబ్బు తిరిగి ఇచ్చేస్తాం.

మూడో అంకె రాయొద్దని ఇదే వ్యాపారంలో ఉన్న స్నేహితులు చెప్పి చూశారు. కొనే ధరకూ అమ్మే ధరకూ ఉన్న తేడా చూస్తే జనం తిట్టిపోస్తారని వాళ్ల భయం. ఆ తేడా ఎంతో నేనే చెప్పేస్తాను. బ్రిటిష్ రాజు జార్జి బొమ్మ ఉన్న మామూలు రూపాయి అరిగిపోయి ఉంటే వెండి విలువకు కొని, పది పదిహేను శాతం కలిపి అమ్ముతాం. అరుదైన నాణెం అయితే మేం అమ్మే ధరలో 60 నుంచి 70 శాతమే మీకిస్తాం. మామూలు రూపాయి వారంలో అమ్ముడుపోతుంది. అరుదైనదాన్ని కొనేవాళ్లు ఊళ్లో నలుగురుంటారు, వాళ్లలో ముగ్గురి దగ్గర అది ముందే ఉంటుంది. నాలుగో ఆయన వచ్చేదాకా మా డబ్బు అందులోనే ఇరుక్కుపోతుంది. వేలంలో పెట్టుకుంటామంటే పెట్టుకోండి, మంచి నాణేనికి అదే మంచి దారి. కాకపోతే వేలం సంస్థ అమ్మేవాళ్ల దగ్గరా, కొనేవాళ్ల దగ్గరా కమీషన్ తీసుకుంటుంది. వేలంలో ఇంత పలికిందని మీరు చూసే అంకె మొత్తం అమ్మినవాళ్ల చేతికి రాదు.

ఇక డబ్బాల్లో అసలు ఏం ఉంటున్నాయో చెబుతాను. చాలా వాటికి మా చీటీ కూడా అక్కర్లేదు, ఇంట్లోనే లెక్క వేసుకోవచ్చు.

బ్రిటిష్ ఇండియా రూపాయి, అంటే మన హైదరాబాద్ పెద్దవాళ్లు కల్దార్ అనేది, 11.66 గ్రాములు ఉంటుంది. విక్టోరియా కాలం నుంచి 1930ల చివరి దాకా అందులో వెండి 91.7 శాతం. అంటే దగ్గర దగ్గర 10.7 గ్రాముల వెండి. ఆ రోజు గ్రాము రేటుతో గుణిస్తే కనీస ధర తెలిసిపోతుంది. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో, 1940 నుంచి 1945 దాకా, వెండిని సగానికి తగ్గించారు. బరువు అంతే ఉన్నా వెండి 5.8 గ్రాములే. 1947 రూపాయిలో వెండి అసలు లేదు, పూర్తిగా నికెల్. 1947 రూపాయి వెనక నడుస్తున్న పులి బొమ్మ ఉంటుంది. స్వాతంత్ర్యం వచ్చిన సంవత్సరం కదా అని అందరూ దాన్నే విడిగా పట్టుబట్టలో చుట్టి తెస్తారు. చూడ్డానికి బాగుంటుంది, చరిత్రా ఉంది, ధర మాత్రం అంతంతే. అన్నట్టు అది అయస్కాంతానికి అతుక్కుంటుంది. అది చూసి నకిలీ అనుకోకండి, నికెల్ గుణమే అది. వెండి రూపాయి అతుక్కుంటేనే అనుమానించాలి.

తేదీ పాతదైతే ధర ఎక్కువని అనుకోవడం చాలామందికి అలవాటు. 1862 విక్టోరియా రూపాయి దీనికి సరైన ఉదాహరణ. దాని మీద 1862 అని ఉన్నా ఆ ఏడాదే అచ్చయిందని కాదు. ఆ తర్వాత పదేళ్లకు పైగా అదే సంవత్సరం వేస్తూ వచ్చారు. కాబట్టి అవి బోలెడు ఉన్నాయి. ఏ ఏడాది ముద్రణ అనేది సేకరణ చేసేవాళ్లు తేదీ దగ్గర ఉండే చిన్న చుక్కలను బట్టి పోలుస్తారు. ఆ చుక్కల వల్లే ఒక 1862 మామూలుది అవుతుంది, ఇంకోటి వేలంకెక్కుతుంది. ఫొటోలో ఆ చుక్కలు కనబడవు. ఇంకోపక్క చూస్తే, 1911 జార్జి రూపాయి తేదీలో దానికంటే కొత్తది, కానీ ధర ఎక్కువ. రాజు వేసుకున్న అంగీ మీద ఏనుగు బొమ్మ పందిలా కనిపిస్తోందని గొడవ జరిగింది. దాంతో పంచని నాణేల్ని వెనక్కి తీసుకుని కరిగించి, 1912లో ఏనుగును సరిచేసి ముద్రించారు. అందుకే దాన్ని పంది రూపాయి అంటాం. మీ డబ్బాలో 1911 జార్జి రూపాయి ఉంటే ముందు దాన్ని పక్కన పెట్టండి. అంతకంటే అరుదైనది 1939 ఆరో జార్జి వెండి రూపాయి. కానీ మా బల్ల మీదికి వచ్చే 1939లలో ఎక్కువ భాగం అంకె చెక్కి మార్చినవే. దాన్ని భూతద్దం కింద పెట్టకుండా ఎవరు ఎంత ధర చెప్పినా నమ్మొద్దు, నేను చెప్పినా సరే.

హైదరాబాద్‌లో కల్దార్ కంటే మాకు ఇష్టమైనవి హాలీ సిక్కాలు. నిజాం ప్రభుత్వం సొంత రూపాయి వేసుకునేది. దాని విలువ బ్రిటిష్ రూపాయి కంటే కొంచెం తక్కువ, ఏడు హాలీ రూపాయలకు సుమారు ఆరు కల్దార్‌లు వచ్చేవి. చార్మినార్ బొమ్మ ఉన్న రూపాయి మీకు తెలిసే ఉంటుంది. చార్మినార్ కింది ద్వారంలో ఒక ఉర్దూ అక్షరం ఉంటుంది. మీమ్ ఉంటే ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్‌ది, ఐన్ ఉంటే ఏడో నిజాం ఉస్మాన్ అలీ ఖాన్‌ది. మహబూబ్ అలీ ఖాన్ చార్మినార్ రూపాయి 11.18 గ్రాములు, వెండి 81.8 శాతం, అంటే సుమారు 9.1 గ్రాములు. తేదీలు హిజ్రీలో ఉంటాయి, 1330 అని కనిపిస్తే అది 1911-12 నాటిది. దాన్ని 1330వ సంవత్సరపు కాకతీయుల నాణెం అనుకుని, ఎంతో ఆశతో నల్గొండ నుంచి బస్సెక్కి వచ్చిన పెద్దాయన ఉన్నారు. ఆ మాట ఆయనకు చెప్పడానికి నాకు నోరు రాలేదు, ముందు చాయ్ తెప్పించాను.

హాలీలో రూపాయల కంటే చిల్లరకే సేకరణ చేసేవాళ్లు ఎక్కువ పోటీ పడుతున్నారు. అణాలు, అర్ధణాలు, రెండు పైల రాగి నాణేలు ఎవరూ జాగ్రత్తగా దాచుకోలేదు. అందుకని అరగని రాగి అర్ధణా, అరిగిన వెండి రూపాయి కంటే మాకు ముద్దు. డబ్బాలో వెండి ఏరుకుని రాగిని ఇంట్లో వదిలేసి వస్తున్నారు. దయచేసి డబ్బా మొత్తం తీసుకురండి.

ఇక కడగడం. ఈ మాట పెద్ద అక్షరాలతో గోడ మీద కూడా రాయించాను. షాపుకు తెచ్చే ముందు నాణేలను కడగొద్దు. చింతపండుతో తోముతున్నారు, పీతాంబరి పొడి వేస్తున్నారు, టూత్‌పేస్ట్ రుద్దుతున్నారు. ఇత్తడి చెంబుకు అది మంచిదే. నాణేనికి మాత్రం పైన ముద్రణలో వచ్చిన సన్నటి మెరుపు పోతుంది, గీతలు పడతాయి, అవి మళ్లీ పోవు. వెండి మీద కాలక్రమంలో వచ్చే నలుపు, నీలం రంగును సేకరణ చేసేవాళ్లు కోరుకుంటారు. ఒకే ఏడాది, ఒకే ముద్రణాలయం నాణేలు రెండు తీసుకుంటే, తోమినదానికి వెండి ధర, తోమనిదానికి దానికి రెండు మూడింతలు రాయాల్సి రావడం మాకు మామూలే. మెత్తటి ప్లాస్టిక్ కవర్లలో కూడా పెట్టకండి. కొన్నేళ్లకు అవి జిగటగా మారి నాణెం మీద పచ్చటి మరక వేస్తాయి. తెల్ల కాగితంలో చుడితే చాలు.

కాసులపేర్లలోంచి తీసిన నాణేలు, కొక్కెం అతికించిన వెండి రూపాయలు కూడా వస్తుంటాయి. ఇలా మాటు పెట్టిన, అంటే లోహంతో అతుకు వేసిన నాణెం సేకరణకు పనికిరాదు, లోహం ధరే వస్తుంది. బంగారు కాసుల్లో బ్రిటిష్ సావరిన్‌లు ఉంటే మాత్రం కరిగించే ముందు ఒకసారి చూపించండి. సావరిన్ 7.99 గ్రాములు, 22 క్యారెట్లు. 1918లో ఇవి బొంబాయిలోనూ అచ్చయ్యాయి. బొంబాయి సావరిన్ వెనక ఉన్న గుర్రం బొమ్మ కాళ్ల కింద, నేలగీత మీద చిన్న ఇంగ్లిష్ ఐ (I) అక్షరం ఉంటుంది. మాటు లేకుండా శుభ్రంగా ఉంటే దానికి బంగారం ధర మీద ఇంకొంచెం వస్తుంది.

మనం వాడిన నాణేల సంగతి త్వరగా చెప్పేస్తాను. 2012 నాటి వైష్ణోదేవి అయిదు, పది రూపాయల బిళ్లలు, ట్రాక్టర్ బొమ్మ ఉన్న అయిదు రూపాయల నోటు, 786 నంబరు నోటు, వీటికి లక్షలు ఎవరూ ఇవ్వరు. వీడియోల్లో చెప్పేవాళ్లు కూడా కొనరు. తామరపువ్వు ఉన్న పసుపు రంగు ఇరవై పైసల బిళ్లలో బంగారం లేదు, అది ఇత్తడి రకం లోహం. పూజకని అడిగేవాళ్లున్నారు కాబట్టి వాటికి ఓ మాదిరి ధర ఉంది. 1616, 1717, 1818 అని తేదీ వేసి రాముడు, హనుమంతుడు ఉన్న ఈస్ట్ ఇండియా కంపెనీ అణాలు కంపెనీ వేసినవి కావు, తర్వాత ఎవరో తయారుచేసి అమ్మిన బిళ్లలు. ఎవరైనా ఫోన్ చేసి మీ నాణేనికి పది లక్షలు వచ్చాయి, ముందు పన్ను కట్టండి, కమీషన్ పంపండి అంటే ఫోన్ పెట్టేయండి. తమ పేరు, లోగో వాడుకుని ఇలా వసూలు చేస్తున్నారని, తాము అలాంటి లావాదేవీల్లో లేమని రిజర్వ్ బ్యాంకే 2021 ఆగస్టులో ప్రకటన ఇచ్చింది.

రైస్ పుల్లర్ గురించి అడగొద్దు. బియ్యపు గింజలను లాగే నాణెం, అందులో ఇరిడియం, దాన్ని నాసావాళ్లు కోట్లు పెట్టి కొంటారు, ముందు పరీక్షకు డబ్బు కట్టాలి. ఈ కథతో మన రెండు రాష్ట్రాల్లో ఎన్నో కుటుంబాలు మునిగాయి. ఆ మాట ఎత్తినవాళ్లతో మా షాపులో బేరం ఉండదు.

పొలంలో దొరికిందని తెచ్చినవాటిని కూడా మేం ముట్టం. కోటిలింగాల లాంటి చోట్ల శాతవాహనుల నాణేలు దొరికిన నేల మనది, కాబట్టి ఇది ఊహించుకున్న సమస్య కాదు. 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం ప్రకారం భూమిలో పది రూపాయలకు మించి విలువైనది దొరికితే కలెక్టర్‌కు తెలియజేయాలి. మీ తాతగారి డబ్బాకు దీంతో సంబంధం లేదు.

అమెరికా నుంచి సెలవులకు వచ్చే మన పిల్లలకు ఒక మాట. వందేళ్లు దాటిన నాణెం 1972 పురావస్తు చట్టం కింద పురావస్తువే అవుతుంది, దాన్ని దేశం దాటించకూడదు. విక్టోరియా, ఎడ్వర్డ్ రూపాయలు, తొలి జార్జి రూపాయలు అన్నీ ఇందులోకే వస్తాయి. సూట్‌కేసులో పెట్టుకుని ఎయిర్‌పోర్టులో టెన్షన్ పడేకంటే ఇక్కడే అన్నకో చెల్లికో అప్పగించి వెళ్లండి. కొరియర్‌లో పంపమని కూడా మమ్మల్ని అడగొద్దు.

వాట్సాప్‌లో ఫొటోలకు ఇకపై ధర చెప్పం. రెండు వైపులా పగటి వెలుతురులో తీసిన ఫొటో, వంటింటి డిజిటల్ కాటాలో వచ్చిన బరువు పంపితే, షాపు దాకా తేవడం దండగా కాదా అన్నది మాత్రం చెబుతాం. వెల కట్టడం మంగళవారం నుంచి శనివారం దాకా, మధ్యాహ్నం మూడు లోపే. ఆ తర్వాత వెలుతురు చాలదు. బల్బు కింద చూసి చీటీ రాయను.

ఈ నెల హాలీ రాగి చిల్లర, 1911 జార్జి రూపాయలు, అరగని అర్ధరూపాయలు కొంటున్నాం. 1947 పులి రూపాయలు మాత్రం ప్రస్తుతానికి కొనలేం, గల్లాపెట్టెలో ఇప్పటికే ఒక మంద ఉంది.