కాజీపేట పాత ఫ్లాటు: సాయం చేసిన అందరికీ పేరుపేరునా కాదు, పనిపనినా కృతజ్ఞతలు

ఫాతిమానగర్ దగ్గర పాతికేళ్లు దాటిన అపార్ట్‌మెంట్‌లో మేం కొన్న 780 చదరపు అడుగుల ఫ్లాటు రిజిస్ట్రేషన్ అయింది. స్వీట్ డబ్బాలు ఇంటింటికీ ఇచ్చాం. కానీ ఎవరు ఏం పట్టుకున్నారో రాసి పెడితేనే బాకీ తీరినట్టు. ఎవరి పేర్లూ రాయడం లేదు, చదివితే ఎవరికి వారికి తెలుస్తుంది.

మొదటి దండం ఉర్దూ సార్‌కు. లింకు డాక్యుమెంట్ల (ఆస్తి చేతులు మారిన పాత దస్తావేజుల) కట్టలో అట్టడుగున ఉర్దూలో ఉన్న పాత పహాణీ (ఏ భూమి ఎవరిది, ఏ రకం అని రాసే ప్రభుత్వ రికార్డు) నకలు ఒకటి ఉంటే, దాన్ని అందరూ 'పాతదిలే' అని పక్కన పెట్టారు. తెలంగాణలో భూమి కథ మొదలయ్యేదే అక్కడ. 1954–55 ఖాస్రా పహాణీలో ఆ సర్వే నంబరు ఎదురుగా పట్టా అని ఉందా, సర్కారీ, ఇనాం (దానంగా ఇచ్చిన భూమి), శిఖం (చెరువు నీళ్లు నిలిచే నేల) అని ఉందా అన్నది చూడాలి. చెరువుల ఊరు మనది. శిఖం అన్న ఒక్క మాట పైన కట్టిన నాలుగంతస్తులనూ అనుమానంలో పడేస్తుంది. సార్ అక్షరం అక్షరం చదివి పట్టా అని తేల్చాకే, అదే సర్వే నంబరుతో రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లో 22ఏ నిషేధిత జాబితా (రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల జాబితా) చూశాం. ఆ వరస తిరగబడకూడదు. బై నంబరు (సర్వే నంబరు పక్కన గీత తర్వాత వచ్చే ఉపసంఖ్య) తప్పు పడితే జాబితాలో ఖాళీ కనిపిస్తుంది, అంతా బాగుందనుకుంటాం.

డాక్యుమెంట్ రైటర్ అన్న చెప్పిందేమిటంటే, ఈసీని (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్, ఆస్తి మీద రిజిస్టరైన అమ్మకాలు, తాకట్ల జాబితా) ఫ్లాటు నంబరుతో ఒక్కదానితోనే తీసి ఊరుకోవద్దని. బిల్డర్ కట్టేటప్పుడు మొత్తం స్థలాన్ని తాకట్టు పెట్టి ఉంటే ఆ ఎంట్రీ సర్వే నంబరు కింద, పాత ఇంటి నంబరు కింద ఉంటుంది, ఫ్లాటు కింద రాదు. అందుకే మూడు రకాలుగా తీయించాడు. ఆన్‌లైన్‌లో 1983 నుంచి దొరుకుతుంది, అంతకు ముందుది కావాలంటే ఆఫీసులోనే. తాకట్టు ఎంట్రీ కనిపిస్తే దాని విడుదల దస్తావేజు కూడా కనిపించాలి. లోన్ తీరిందని నోటిమాట చెల్లదు. రిజిస్టరు కాని తాకట్లు ఈసీకి ఎక్కవు కాబట్టి సెర్సాయ్‌లో (బ్యాంకుల తాకట్లు నమోదయ్యే కేంద్ర రిజిస్ట్రీలో) కూడా వెతికించాడు, దానికి ఫీజు చాలా తక్కువ.

జిల్లా పేరు గొడవ ఒకటి ఉంది, చాలామందికి ఇక్కడే కాగితం వెనక్కి వస్తుంది. పాత డీడ్‌లో వరంగల్ జిల్లా. 2016లో వరంగల్ అర్బన్ అయింది. 2021లో హనుమకొండ అయింది, అంతకు ముందు రూరల్ అన్న జిల్లాకు వరంగల్ పేరు వచ్చింది. కొత్త డీడ్ షెడ్యూల్‌లో పాత పేరు, ఇప్పటి పేరు రెండూ రాయించాలి. రాయించకపోతే రేపు బ్యాంకు లాయర్ ఇది వేరే ఆస్తి అంటాడు.

ఇక గజాల లెక్క. ఫ్లాటు ముసలిదయ్యేకొద్దీ గోడల విలువ తరుగుతుంది, మిగిలేది నేలలో మన వాటానే. మా డీడ్‌లో 32 గజాలు అని ఉంది. మూడో అంతస్తులో ఉండే రిటైర్డ్ రైల్వే తాతగారు (తమిళం యాసలో తెలుగు, లెక్కలో మాత్రం యాస లేదు) మిగతా వాళ్ల డీడ్‌లు కూడా తెప్పించి కూడమన్నారు. రిజిస్టరైన డీడ్‌ల సర్టిఫైడ్ కాపీలు ఫీజు కడితే దొరుకుతాయి. స్థలం 400 గజాలు, పది ఫ్లాట్లు, కూడితే 348 వచ్చింది. మిగిలిన 52 ఎవరివి? బిల్డర్ తన పేరు మీదే ఉంచుకున్నాడు, టెర్రస్ హక్కులతో సహా. అంటే రేపు పైన ఒక అంతస్తు వేయడానికి దారి తెరిచి పెట్టుకున్నట్టే. ఈ 52 గజాల మాట ఎత్తగానే బేరం దిగింది. టైల్స్ బాగున్నాయి, మాడ్యులర్ కిచెన్ ఉంది అన్న మాటలకు ధర పెంచే ముందు ఈ కూడిక ఒకసారి చేయండి.

ఎక్కువ రుణపడింది కిందింటి అక్కకు. పాత ఫ్లాటులో బాత్రూం గురించి నిజం చెప్పేది మన బాత్రూం కాదు, కిందింటి వాళ్ల సీలింగు. పైన కొత్త టైల్స్ మెరుస్తుంటాయి, కింద చౌడు తెల్లగా పూస్తుంది. ప్లంబర్ చాచా చేయించిన పరీక్ష ఇది: నహానీ ట్రాప్‌లో (బాత్రూం నేలలో నీళ్లు పోయే జాలీ గుంతలో) పాలిథీన్ చుట్టిన తడిగుడ్డ గట్టిగా కుక్కాలి, నేల మీద రెండు అంగుళాల నీళ్లు నిలపాలి, గోడ మీద మట్టం దగ్గర పెన్సిల్ గీత గీయాలి, 24 గంటలు ఎవరూ వాడకూడదు. మట్టం కాస్త తగ్గితే ఆవిరి అనుకోవచ్చు. కింద తడి మచ్చ పెరిగితే మాత్రం స్లాబు తాగుతున్నట్టే. అక్క మరునాడు రెండుసార్లు తలుపు తీసి సీలింగు చూపించింది, మచ్చ పెరిగింది.

కారణం కూడా చాచాయే చెప్పాడు. బాత్రూం స్లాబును కిందికి దించి, ఆ గుంతను ఇటుక ముక్కలతో నింపుతారు. ట్రాప్‌కూ పైపుకూ మధ్య జాయింటు వదులైతే నీళ్లు ఆ ముక్కల్లో చేరి స్పాంజిలా నిలుస్తాయి. పై టైల్స్ సందుల్లో వైట్ సిమెంట్ రుద్దితే రెండు నెలలు ఆగుతుంది, అంతే. టైల్స్ తీసి, నింపినదంతా తవ్వి, పైపు మార్చి, స్లాబుకూ, గోడకు ఒక అడుగు ఎత్తు వరకూ వాటర్‌ప్రూఫ్ కోటింగ్ రెండు పూతలు వేసి, ఆరాక మళ్లీ నీళ్లు నిలిపి చూసి, ఆ తర్వాతే ట్రాప్ వైపు వాలు పెట్టి టైల్స్ వేయాలి. ఈ ఖర్చు అంచనా కాగితం మీద రాయించి బయానా ఇవ్వకముందే అమ్మేవాళ్ల ముందు పెట్టాం.

స్టిల్ట్‌లో (పిల్లర్ల మధ్య కింది పార్కింగ్‌లో) సంపు పక్కనున్న పిల్లర్లను రిటైర్డ్ ఇంజినీరు గారు సుత్తితో తట్టి చూశారు. గట్టి కాంక్రీటు ఖంగుమంటుంది, లోపల విడిపోయింది బోలుగా మోగుతుంది. చువ్వ తుప్పు పడితే ఉబ్బుతుంది, ఆ ఉబ్బుకే పైపొర పెచ్చులుగా ఊడుతుంది. దాన్ని ప్లాస్టర్‌తో కప్పితే తుప్పు ఆగదు, కనపడకుండా పోతుంది అంతే. ఒకచోట చిన్న పెచ్చు లేపి, దుమ్ము ఊది, ఫినాఫ్తలీన్ ద్రావణం చల్లారు. గులాబీ రంగు వస్తే కాంక్రీటులో క్షారగుణం ఉంది, చువ్వకు రక్షణ ఉంది. రంగు రాకపోతే ఆ లోతు వరకూ పోయినట్టు. పిల్లర్‌లో చువ్వ మీద 40 మిల్లీమీటర్ల కవర్ (కాంక్రీటు మందం) ఉండాలి. మాకు పైన 10 మిల్లీమీటర్లు రంగు రాలేదు, లోపల గులాబీ వచ్చింది. బతికాం.

కరెంటు భాయ్‌ది పూటపని. లైట్లకు 1.5, ప్లగ్గులకు 2.5, గీజరుకూ ఏసీకీ 4 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ, 30 మిల్లీఆంపుల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే తనే ఆపేసే స్విచ్చు). పాత ఫ్యూజు బోర్డును ఆయన ముట్టుకోను కూడా ముట్టుకోలేదు, మొత్తం మార్చమన్నాడు. సరే అన్నాం.

అసోసియేషన్ సెక్రటరీగా ఉన్న సిస్టర్ మీటింగుల నోటుబుక్కు చేతికిచ్చారు. తెలుగు, హిందీ, అక్కడక్కడా మలయాళం కలిసిన ఆ పుస్తకం ఈసీ అంత విలువైనది. బోరు మోటారు ఎన్నిసార్లు కాలింది, లిఫ్టు ఎన్ని రోజులు ఆగింది, మెయింటెనెన్సు ఎవరు ఎగ్గొడుతున్నారు, అన్నీ తేదీలతో ఉన్నాయి. 2020 ఆగస్టు వానలకూ, 2023 జులై వానలకూ స్టిల్ట్‌లో నీళ్లు ఎంతవరకు వచ్చాయో కూడా అందులోనే దొరికింది. గోడ మీద మరక ఉంటే సున్నం కొట్టేస్తారు, నోటుబుక్కుకు సున్నం కొట్టలేరు. అమ్మేవాళ్ల బకాయి లేదని లెటర్‌హెడ్ మీద రాసిచ్చింది కూడా సిస్టరే.

డబ్బు సంగతి క్లుప్తంగా. 2021 జులై నుంచి స్టాంపు డ్యూటీ, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి ఏడున్నర శాతం, అంటే 20 లక్షలకు లక్షన్నర. మనం రాసిన ధర, ప్రభుత్వ విలువ, ఈ రెండింటిలో ఏది ఎక్కువైతే దాని మీద. బయానా 20 వేలు గానీ, అంతకు మించి గానీ అయితే నగదుగా ఇవ్వకూడదు, చెక్కో ఆన్‌లైనో. ఆస్తిపన్ను, కరెంటు బిల్లు బకాయిల రసీదులు సంతకానికి ముందే చేతిలో ఉండాలి, తర్వాత అడిగితే ఫోను ఎత్తరు.

కిందింటి అక్కకు ఒక మనవి: బాత్రూం తవ్వడం సోమవారం మొదలు, పొద్దున పది నుంచి సాయంత్రం నాలుగు వరకే, మధ్యాహ్నం పిల్లోడు పడుకునే గంట ఆపుతాం. ఫినాఫ్తలీన్ సీసాలో సగం మిగిలింది, అసోసియేషన్ గదిలో ఎత్తైన అల్మారాలో పెట్టాం. ఎవరికైనా పిల్లరు మీద అనుమానం ఉంటే తీసుకెళ్లండి.