ధనుర్వాతం తెల్లారే దాకా ఆగదు: వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి నమస్కారాలు.

సోమవారం అర్జీల్లో నేనిచ్చిన ప్రతి కాగితానికీ 'మీ సమస్య పరిష్కరించబడింది' అని ఫోనుకు సందేశం వచ్చింది. ఎవరి సమస్య పరిష్కారమైందో అర్థం కాక ఇలా బహిరంగంగా రాయాల్సి వస్తోంది.

తొలకరి పడగానే మా తుగ్గలి, జొన్నగిరి చేలల్లో జనం వజ్రాలు వెతకడం తమరు ఎరిగిందే. మా తమ్ముడికి మాత్రం తుమ్మముల్లు దొరికింది. వారం తిరిగేసరికి దవడ పట్టేసింది. పంటినొప్పేమో అనుకున్నాం. మజ్జిగ పట్టబోతే పళ్ల మధ్య చెంచా కూడా దూరలేదు.

తీసుకెళ్లింది ప్రభుత్వ ఆసుపత్రికే. పేరు రాయను, రాస్తే అక్కడ మంచిగా చూసినవాళ్లకే మెమో వెళుతుంది. ధనుర్వాతమని చూడగానే గుర్తుపట్టారు. స్ట్రెచర్ గోడకు తగిలిన చప్పుడుకే వీపు విల్లులా వంగేది. గొంతు కండరాలూ అలాగే బిగిస్తే ఊపిరి ఆగుతుందని, నోట్లోంచి వేసిన గొట్టం ఒరిపిడికీ ఈడ్పులు వస్తాయని, ముందే మత్తిచ్చి గొంతుకు రంధ్రం చేసి వెంటిలేటర్ పెట్టడం మేలని డ్యూటీలో ఉన్న పీజీ డాక్టర్ చెప్పాడు. పాపం, ఆయన ఒక్కడి వల్ల అయ్యే పనా? ఈఎన్‌టీ సర్జన్ వస్తానంటే మత్తు డాక్టర్ కాన్పు కేసులో ఉన్నారు. మత్తు డాక్టర్ వచ్చేసరికి థియేటర్ ఖాళీ లేదు. థియేటర్ దొరికేసరికి వెంటిలేటర్ ఇంకొకరికి పెట్టేశారు. 'తెల్లారాక చూద్దాం' అన్నారు. తెల్లారకముందే మనిషి నీలం తిరిగాడు. అప్పుడు మాత్రం ఎవరి సంతకమూ అక్కర్లేకపోయింది, మంచం మీదే గొంతు కోసి గొట్టం వేశారు. వెంటిలేటర్ కూడా ఎక్కడినుంచో వచ్చింది. ప్రాణం పోయేటప్పుడు జరిగిన పని సాయంత్రం నెమ్మదిగా ఎందుకు జరగలేదు సార్?

ధనుర్వాతం విషానికి విరుగుడుగా ఇచ్చే ఇమ్యునోగ్లోబ్యులిన్ మందు సంగతి మరీ ఘోరం. నరాలకు పట్టేసిన విషాన్ని అది విడిపించదు, ఇంకా పట్టని దాన్నే ఆపుతుంది. అంటే గంట ఆలస్యమైతే గంట నష్టం. ఆ మందు పడ్డాకే కాలి పుండు కోసి శుభ్రం చేస్తామన్నారు, సబబే. కానీ స్టాకు లేదు, బయట తెమ్మన్నారు. చీటీ పట్టుకుని దుకాణాల వెంట నేను తిరుగుతుంటే ముల్లు విరిగిన పుండు అలాగే ఉంది.

2015లో తల్లులకు, పసికందులకు ధనుర్వాతం బెడద తొలగిందని దేశం ప్రకటించుకుంది. సంతోషం. నలభై దాటిన రైతు తల్లీ కాడు, పసికందూ కాడు. పదహారేళ్లకు టీడీ (ధనుర్వాతం, డిఫ్తీరియా) టీకా వేశాక మగవాడి ఊసు మళ్లీ దెబ్బ తగిలితేనే వస్తుంది. ఈ జబ్బు ఒకసారి వచ్చిపోయినా రక్షణ రాదట. టీకా వేయాల్సిందే. మా వాడిని ఇంటికి పంపిన చీటీలో ఆ ముక్క కూడా లేదు.

వారాల తరబడి వెంటిలేటర్ మీద ఉండి తమ్ముడు బతికాడు. మీ దయ అనలేను, ఏమనుకోవద్దు. రాత్రిపూట గొంతుకు రంధ్రం చేయగల డాక్టరు, మత్తు డాక్టరు, వెంటిలేటరు ఒకే సమయంలో దొరికేలా చూడండి. ఎలా చూస్తారో తమకే తెలియాలి. మందు స్టాకు పెట్టించండి. పొలం పనులకు వెళ్లేవాళ్లకు టీకా వేయించండి. ఏదో ఒకటి చేయండి సార్, ఈసారి సందేశం మాత్రం పంపకండి.

ఇట్లు,
తుగ్గలి మండల రైతు,
కర్నూలు జిల్లా